ఇద్దరి మధ్య పడ్డ బంతి

నా కుడిచేతి ఉంగరపు వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. డిగ్రీ మొదటి సంవత్సరంలో సాఫ్ట్‌బాల్ ఆడుతూ, గతుకుల నేల మీద ఎగిరివచ్చిన బంతిని గ్లవ్ లేని చేత్తో ఆపబోయి విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పి చూస్తే వేలు వంకర తిరిగి ఉంది. వరంగల్ కొత్తవాడలో మాది దరీలు, జంపఖానాలు నేసే ఇల్లు. మా అమ్మ నా చేతిని తన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇగ ఆట బందు వెట్టు బిడ్డా. వేళ్లు సక్కగ లేకుంటె ఏ పని జేత్తవ్?" అంది. కోప్పడి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. మెల్లగా అంది కాబట్టి మానేశాను.

ఆట మానేశాను గానీ గ్రౌండుకు పోవడం మానలేకపోయాను. మా జట్టు ఆడుతుంటే గోడ పక్కన నిలబడి చూసేదాన్ని. ఒకరోజు స్కోరు రాసే సార్ నన్ను చూసి చెయ్యి ఊపి పిలిచారు. ఆయన కాజీపేటలో రైల్వే ఉద్యోగి. సెలవు దొరికినప్పుడల్లా టోర్నమెంట్లకు వచ్చి, టెంటు కింద ఒక బల్ల వేసుకుని స్కోరు రాసేవారు.

"చెయ్యి ఖరాబైతే అయింది, కండ్లు మంచిగనే ఉన్నయ్ గదా? కూసో," అని పక్క కుర్చీ చూపించారు.

ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని ఇంతవరకూ లేవలేదు. చదువు అయిపోయింది, ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఉద్యోగం దొరికింది, పెళ్లయింది, పాప పుట్టింది. సార్ రిటైరయ్యారు, చూపు తగ్గి రావడం మానేశారు. ఆయన బల్ల నాకొచ్చింది.

ఈ ఆట తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. బ్యాటుతో బంతిని కొట్టిన అమ్మాయి నేల మీద గుర్తుగా పరిచిన మొదటి బేస్‌కు పరుగెత్తుతుంది. అవుట్ కాకుండా చేరితే, ఎలా చేరిందో స్కోరర్ తేల్చాలి. బాగా కొట్టడం వల్ల చేరితే అది హిట్, ఆ పిల్లకు మంచి పేరు. పట్టుకోవాల్సిన పిల్ల వదిలేయడం వల్ల చేరితే ఎర్రర్, అది వదిలిన పిల్ల లెక్కలో పడుతుంది. క్రికెట్‌లో బంతి చేతిలోంచి జారితే చూసేవాళ్లు అయ్యో అంటారు, అంతటితో సరి. ఇక్కడ ఆ అయ్యో ఎవరి ఖాతాలోదో అక్కడికక్కడే తేల్చి రాయాలి.

"రాసే ముందు నిన్ను నువ్వు ఒక్కటే అడుగు," అనేవారు సార్. "గీ జాగల ఇంకో మామూలు పిల్ల నిలవడితే, మామూలుగ ప్రయత్నం చేస్తే, గీ బంతి దొరుకుతుండెనా లేదా?"

దొరికేదే అనిపిస్తే ఎర్రర్. పిల్ల కాళ్ల మధ్య నుంచి బంతి పోతే, అది ఆమె గ్లవ్‌ను తాకకపోయినా ఎర్రరే. అదే ఒక పిల్ల చాలా దూరం పరుగెత్తి, కింద పడి, వేళ్ల చివరతో అందుకోబోయి వదిలేస్తే ఎర్రర్ కాదు. అందరూ చేయలేనిది ఆమె చేయబోయింది. దానికి శిక్ష ఉండకూడదు. ఎండ కళ్లలో కొట్టి బంతి కనిపించకపోతే ఎర్రర్ కాదు. ఆలస్యంగా కదిలినా కాదు. మొదటి బేస్‌కు విసరాల్సింది ఆలోచన తప్పి మూడో బేస్‌కు విసిరినా కాదు. ఎర్రర్ అంటే చేతులు చేసిన పొరపాటు మాత్రమే. మనసులో ఏమనుకుందో, ఎందుకు తడబడిందో స్కోరర్‌కు అవసరం లేదు.

మొదట్లో నాకు ఈ పని బాగా నచ్చింది. ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ఏదైనా తప్పు జరిగితే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లు గెలిచేవారు. ఇక్కడ అలా కాదు. ఒకసారి బంతి విసిరే అమ్మాయి తండ్రి నా బల్ల మీద రెండు చేతులూ ఆనించి, "మా పాప సక్కగనే ఏసింది. వెనుక ఉన్న పిల్ల పట్టలే. దాని మీద రాయి," అని గట్టిగా అరిచాడు. బంతి, బ్యాటు పట్టుకున్న పిల్ల వెనుక ఉండే క్యాచర్‌ను దాటిపోతే అది విసిరిన పిల్ల తప్పా, పట్టుకోని పిల్ల తప్పా అన్నది కూడా మేమే తేలుస్తాం. బంతి ఆమెకు చేరకముందే నేలను తాకింది. కాబట్టి విసిరిన పిల్లదే. అదే మాట చెప్పాను. ఆయన ఇంకా అరిచాడు. నేను రాసింది మార్చలేదు. ఆ రోజు ఇంటికి పోతూ నా నడక కొంచెం గర్వంగా ఉండి ఉంటుంది.

ఆ గర్వం ఎంతవరకు పనికొస్తుందో కొన్నేళ్ల కిందట ఒక సంక్రాంతి సెలవుల తర్వాత జరిగిన మ్యాచ్‌లో తెలిసింది.

మా జిల్లా అమ్మాయిల జట్టులో అప్పుడు ఇద్దరు పిల్లలుండేవారు. ఇద్దరూ ఇంటర్ రెండో సంవత్సరం, ఒకే కాలేజీ. ఒకమ్మాయిది ములుగు దాటాక అడవి అంచున ఉన్న ఊరు. వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుకునేది. పొడుగ్గా ఉండేది, కాళ్లు భూమికి ఆననట్టు పరుగెత్తేది. గ్రౌండులో వెనకవైపు మధ్యలో నిలబడేది. రెండో అమ్మాయిది వరంగల్లోనే కాశిబుగ్గ. వాళ్ల అబ్బా ఆటో నడిపేవాడు, అమ్మీ ఇంట్లోనే మిషన్ కుట్టేది. ఈ పిల్ల పొట్టిగా ఉండేది కానీ బంతి ఎక్కడ పడుతుందో బ్యాటు చప్పుడు విని చెప్పేది. పొడుగు పిల్లకు ఎడమపక్క ఉండేది ఆమె స్థానం. ఇద్దరి మధ్యలో పడే బంతులు చాలా ఉండేవి, అవి ఎవరో ఒకరి గ్లవ్‌లోకి తప్పకుండా పోయేవి.

గ్రౌండు బయట కూడా వాళ్లు విడిగా కనిపించేవారు కాదు. హాస్టల్ అన్నం బాగుండదని ములుగు పిల్ల ఆదివారాలు కాశిబుగ్గలో తినేది. పండుగకు అమ్మీ తన కూతురికి కుట్టినప్పుడు ఇద్దరికీ ఒకే రంగు డ్రెస్సు కుట్టింది. అవి వేసుకుని వచ్చి నా బల్ల ముందు నిలబడి, "ఎవరికి మంచిగున్నదక్కా?" అని అడిగారు. ఇద్దరికీ బాగుందన్నాను. "ఇద్దరికి అంటె స్కోరర్ ఎట్లయినవ్?" అని నవ్వారు.

ఆ రోజు ఆట చివరికొచ్చింది. మా పిల్లలు కొంచెం ముందున్నారు. అవతలి జట్టు అమ్మాయి ఒకామె బేస్ మీద ఉంది. బ్యాటు పట్టుకున్న పిల్ల గట్టిగా కొట్టింది. బంతి ఎత్తుగా, దూరంగా, సరిగ్గా వీళ్లిద్దరి మధ్యకు పోయింది. ఇద్దరూ పరుగెత్తారు. ఇద్దరూ పైకే చూస్తున్నారు. నేను మామూలుగా బంతిని చూడాలి. కానీ ఎందుకో ఆ క్షణంలో వాళ్ల మధ్య తగ్గిపోతున్న దూరాన్ని చూశాను. నోరు తెరిచాను. నా గొంతు అంత దూరం పోయేది కాదు.

బంతి పొడుగు పిల్ల గ్లవ్‌లో పడింది. అదే క్షణంలో ఆమె మోకాలు, బంతి కోసం వంగి దూసుకొచ్చిన పిల్ల ముఖానికి తగిలింది. ఆ చప్పుడు టెంటు దాకా వినిపించింది. బంతి గ్లవ్‌లోంచి జారి గడ్డిలో దొర్లింది. అవతలి జట్టు పిల్లలు పరుగు పూర్తి చేసి, తర్వాత వెనక్కి తిరిగి చూసి, సంబరం ఆపేశారు.

కాశిబుగ్గ పిల్లను ఎత్తుకుని తీసుకుపోయారు. ముఖమంతా రక్తం. ఎడమ కన్ను కనిపించడం లేదు. వాళ్ల కోచ్ సార్ ఆటోలో తల ఒళ్లో పెట్టుకుని దవాఖానకు తీసుకుపోయారు. ఇటు అంపైర్ నా దగ్గరికి వచ్చి, "మేడం, ఏం రాసిన్లు? ఆట నడవాలె," అన్నాడు. అది అతని పని. నేను కూడా నా పని చేశాను. ఇద్దరూ చాలా దూరం నుంచి శక్తికొద్దీ పరుగెత్తి వచ్చారు. మామూలు ప్రయత్నానికి అందే బంతి కాదు. హిట్ అని రాశాను. అంత తేలిగ్గా రాయగలిగినందుకు ఆ సాయంత్రం నాకు సిగ్గనిపించింది.

ఆట ఓడిపోయాం. అందరూ బ్యాగులు సర్దుకుంటుంటే ములుగు పిల్ల నా దగ్గరికి వచ్చింది. చొక్కా మీద రక్తం ఎండి నల్లబడింది. అది ఆమెది కాదు.

"అక్కా, నా మీద ఎర్రర్ రాసిన్లా?"

"లేదు బిడ్డా."

"ఎందుకు రాయలే? బంతి నా గ్లవ్‌లనే పడ్డది గద. నేనే ఇడిసిపెట్టిన."

"అంత దూరం నుంచి ఉరికొచ్చి అందుకున్నవ్. గుద్దుకుంటె జారింది. దాన్ని ఎర్రర్ అనరు. హిట్ అని రాసిన."

"హిట్టా?" అని ఆ మాట అర్థం కానట్టు నా ముఖంలోకి చూసింది. "హిట్ అంటె కొట్టిన పిల్ల మంచిగ కొట్టినట్టు. మరి దాని మొఖం పలిగింది గదక్కా. అది ఎవరి మీద రాత్తరు?"

ఇన్నేళ్లలో ఎర్రర్ రాయొద్దని నా దగ్గరికి వచ్చి ఏడ్చినవాళ్లున్నారు, తగువాడినవాళ్లున్నారు. రాయమని అడిగింది ఈ పిల్ల ఒక్కతే.

"రాయిరి అక్కా," అంది మళ్లీ. "మీరు రాత్తె నాకు జర మంచిగనిపిత్తది."

రాయడానికి వీల్లేదని చెప్పాను. రూలు చెప్పాను. రూలు చెబుతున్నంతసేపూ ఆమె తల ఊపింది. తర్వాత బ్యాగు భుజానికి వేసుకుని వెళ్లిపోయింది. మర్నాడు హాస్టల్ నుంచి ఎవరికీ చెప్పకుండా ఊరికి పోయిందని కోచ్ సార్ ఫోన్ చేసి చెప్పారు.

కాశిబుగ్గ పిల్లకు చెంప ఎముక విరిగింది. కంటి లోపల కూడా దెబ్బ తగిలింది. ఆపరేషన్ చేశారు. నేను చూడటానికి వెళ్లేసరికి సగం ముఖానికి కట్టు ఉంది. రెండో కన్ను తెరిచి నన్ను గుర్తుపట్టి, మొదట అడిగిన మాట, "అది యాడున్నదక్కా?"

"ఊరికి పోయిందట."

"నన్ను సూడకుండనేనా?"

ఔనని తల ఊపాను. ఆ పిల్ల ముఖం గోడవైపు తిప్పుకుంది. దెబ్బకు ఏడవలేదని నర్సు చెప్పింది. అప్పుడు ఏడ్చింది. ఏడిస్తే కట్టు తడుస్తుందని నర్సు కోప్పడింది.

వాళ్ల అమ్మీ నన్ను వరండాలోకి పిలిచింది. నాకంటే పెద్దామె. ఎప్పుడూ మెడలో కొలతల టేపు ఉండేది, ఆ రోజు లేదు. గోడకు ఆనుకుని నిలబడి, "నువ్వు రాత్తవ్ గదా చెల్లె, ఎవరిది తప్పో?" అని అడిగింది.

"రాస్తనక్కా."

"మరి గీ సంగతి ఏం రాసినవ్? తప్పెవరిది?"

"ఎవరిది తప్పు కాదని రాసిన."

"గట్లెట్లయితది? మా బచ్చి కన్ను పోయె. తప్పు ఎవరిది గాకపాయె? గా పిల్లకు నా చేతితోని తినవెట్టిన. ఒక్కసారి ఇటు దిక్కు రాలే. కన్ను తీసి పోయింది, ఇటు దిక్కు రాలే."

ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఉన్నదల్లా ఆ రూలే. చాయ్ తెస్తానని చెప్పి కిందికి దిగాను.

ఆ ఆదివారం కాజీపేట పోయి సార్‌ను కలిశాను. చూపు ఆనక, టీవీని పక్కకు తిరిగి వింటున్నారు. జరిగింది మొత్తం చెప్పాను. ఎంత దూరంలో ఎవరున్నారు, బంతి ఎంత ఎత్తు పోయింది, గాలి ఎటు ఉంది అని అడిగారు. చాయ్ కప్పులను ఇద్దరు పిల్లల్లా బల్ల మీద పెట్టించి, వేలితో తడిమి చూసుకున్నారు.

"రాసింది కరెక్టే," అన్నారు చివరికి. "నేనున్నా గదే రాస్తుంటి."

"మరి వాళ్ల అమ్మకు ఏం చెప్పాలె సార్?"

"అది స్కోరర్ చెప్పేది కాదమ్మా." కొంచెం ఆగి, "గని నువ్వు స్కోరర్‌వే కాదు గదా. ఆ ఇంటికి పో. ఏం చెప్పకుంటే మానె, పోయి కూసో," అన్నారు.

పోయి కూర్చున్నాను. ఆఫీసు నుంచి వస్తూ కాశిబుగ్గలో దిగేదాన్ని. గుండీలు కుట్టడం నాకు వచ్చు. వంకర వేలుతో నెమ్మదిగా కుడుతుంటే అమ్మీ చొక్కాలు నా వైపు జరిపేది. పిల్ల ముఖం మీది కట్టు విప్పారు. ఎముక అతికింది. ఎడమ కంటికి చూపు పూర్తిగా రాదని, వెలుగూ నీడా మాత్రం తెలుస్తాయని డాక్టర్ చెప్పాడు. ఆట సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ములుగు పిల్ల ఫోన్ ఎత్తేది కాదు. కోచ్ సార్ రెండుసార్లు వాళ్ల ఊరు పోయి వచ్చారు. రానంటే రానంది. హాస్టల్లో ఆమె జాగా ఇంకో పిల్లకు ఇచ్చేశారు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. ఒక సాయంత్రం నేను గుండీలు కుడుతుంటే కాశిబుగ్గ పిల్ల లోపలి నుంచి వచ్చి, "అక్కా, నన్ను దాని దగ్గరికి తీస్కపోతవా?" అని అడిగింది.

మిషన్ ఆగిపోయింది. "ఎందుకు?" అంది అమ్మీ.

"దానితోని ఒక మాట ఉన్నదమ్మీ. ఫోన్‌ల చెప్పేది కాదు."

"అది రావాలె నీ దగ్గరికి. నువ్వు పోవుడేంది?"

"అది రాదు. నాకెరుక."

నేను తల వంచి గుండీ కుట్టుకుంటూ పోయాను. ఆ రాత్రి వాళ్లింట్లో ఏమనుకున్నారో తెలియదు. ఆదివారం హనుమకొండ బస్టాండుకు పోయేసరికి పిల్ల పక్కన అమ్మీ కూడా ఉంది, బురఖాలో, చేతిలో నీళ్ల సీసాతో. "ఒక్కదాన్ని ఎట్ల పంపాలె," అంది, నేను అడగకుండానే.

ములుగు దాకా బస్సు, అక్కడి నుంచి జీపు. దారి పొడుగునా చేన్లలో మిర్చి ఎర్రగా ఉంది. కాయలు ఏరే పని జోరు మీద ఉన్న రోజులు. ఊళ్లో దిగి ఇల్లు అడిగితే, ఇంట్లో ఎవరూ లేరు, చేనుకాడ ఉన్నారన్నారు. గట్టు మీద నడిచి వెళ్లాం. ఆడవాళ్లు వరుసగా వంగి ఏరుతున్నారు. తలకు తువ్వాల చుట్టుకున్నా, ఆ పొడుగుకు గుర్తుపట్టాం. ఆమె కూడా మమ్మల్ని చూసింది. చేతిలోని మిరపకాయలు వదిలేసి, పారిపోవడానికి అటూ ఇటూ చూసి, అక్కడే కూలబడింది.

ఆమె తల్లి పరుగెత్తుకొచ్చింది. ఎవరొచ్చారో అర్థమై, అమ్మీ ముందు చేతులు జోడించి నిలబడింది. ఇద్దరు తల్లులూ గట్టు మీద కొంచెం ఎడంగా కూర్చున్నారు. నేను వాళ్ల పక్కన కూర్చున్నాను. పిల్లలిద్దరూ మాకు వినిపించేంత దూరంలోనే ఉన్నారు.

ములుగు పిల్ల తల ఎత్తడం లేదు. అప్పుడు కాశిబుగ్గ పిల్ల అంది, "నా దిక్కు సూడే. సూడకుంటె ఎట్ల?"

ఆమె చూసింది. చెంప మీద కుట్ల గీత, కదలని ఎడమ కన్ను. చూసి, వెంటనే ముఖం తువ్వాలలో దాచుకుంది.

"నువ్వు అరిచినవ్," అంది కాశిబుగ్గ పిల్ల. "నాది, నాది అని అరిచినవ్. నాకు వినవడ్డది. అయినా ఆగలే. గా బంతి నేనే పట్టాలనుకున్న. అందరు నిన్నే మెచ్చుకుంటరని నాకు లోపల ఉండె. ఒక్కసారి నేను పట్టాలనుకున్న. గీ మాట చెప్దామనే వచ్చిన."

ములుగు పిల్ల తువ్వాల తీసింది. నమ్మలేనట్టు చూసింది. "నేను అరవలే," అంది.

"అరిచినవే. విన్న నేను."

"అరవలే. అరుద్దామని నోరు తెరిసిన. ఉరుకుడుకు దమ్ము రాలే. గొంతుల నుంచి మాటనే రాలే. నేను అరిస్తె నువ్వు ఆగుతుంటివి. గందుకే నీ దగ్గరికి రాలే. ఏం మొఖం వెట్టుకొని రావాలె?"

"నాకు వినవడ్డదంటె..."

"నేను అననే లేదంటాన్న!"

ఇద్దరూ గట్టిగా వాదించుకోవడం మొదలుపెట్టారు. పక్క వరుసలో ఏరుతున్న ఆడవాళ్లు నిలబడి చూశారు. తప్పు నాదంటే నాదని, గ్రౌండులో బంతి కోసం ఎప్పుడూ కొట్లాడనివాళ్లు దానికోసం కొట్లాడారు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. ఎవరైనా అరిచారా లేదా అన్నది నాకు గుర్తు లేదు. వాళ్లిద్దరూ నా వైపు తిరిగి, "నువ్వు చెప్పక్కా, విన్నవా?" అని అడిగితే, నిజం చెప్పాను. అంత దూరానికి నాకేమీ వినిపించలేదన్నాను.

అరిచీ అరిచీ అలసిపోయి ఆగారు. ములుగు పిల్ల చెయ్యి ఎత్తి, ఆ కుట్ల గీతను తాకబోయింది. మిరపకాయలు ఏరిన చెయ్యని గుర్తొచ్చి మధ్యలోనే ఆపేసింది. రెండో పిల్ల ఆ మణికట్టు పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

వాళ్ల ఇంట్లో అన్నం తిన్నాం. జీపు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు అమ్మీ మొదటిసారి ఆ పిల్లతో మాట్లాడింది.

"పరీక్షలు రాత్తవా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "హాస్టల్ల జాగ లేదు అమ్మీ."

"నాకు నీ మీద కోపం పోలే," అంది అమ్మీ. "పోయిందని అబద్ధం చెప్ప. గని నువ్వు చదువు గుడ ఇడిసిపెడితె, ఒక్క బంతికి ఇద్దరి బతుకులు పోయినట్టయితది. బట్టలు సదురుకో. మా ఇంట్ల ఉండి రాయి."

పిల్ల వాళ్ల అమ్మ వైపు చూసింది. ఆ తల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది. మేం నలుగురం తిరిగి వచ్చాం.

ఆ పరీక్షల కాలంలో కాశిబుగ్గ ఇంట్లో ఎక్కువ మాటలు ఉండేవి కావు. నేను పోయినప్పుడల్లా చూసేదాన్ని. ములుగు పిల్ల పుస్తకం పట్టుకుని గట్టిగా చదివేది, రెండో పిల్ల కళ్లు మూసుకుని వినేది. ఎక్కువసేపు చదివితే ఆమెకు తలనొప్పి వచ్చేది. అమ్మీ ఇద్దరికీ ఒకేసారి కంచాలు పెట్టేది కానీ, ఒకరితో మాట్లాడినంత సులువుగా ఇంకొకరితో మాట్లాడేది కాదు. కోపం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదట. ఒకరోజు ములుగు పిల్లకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చుని, తెల్లారాక చూసుకుంటే కోపం లేదట.

ఇద్దరూ పాసయ్యారు. ములుగు పిల్ల మళ్లీ ఆడింది, కానీ వెనకవైపు నిలబడనంది. కోచ్ సార్ బలవంతం చేయలేదు. మొదటి బేస్ దగ్గర కొంతకాలం ఆడి మానేసింది. ఇప్పుడు అటవీశాఖలో బీట్ ఆఫీసర్. వాళ్ల ఊరికి దగ్గరలోనే పోస్టింగ్. కాశిబుగ్గ పిల్ల బీకాం చదివి ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తోంది. నేను ఇంకా స్కోరు రాస్తున్నాను. ఇద్దరు పిల్లలు ఒకే బంతి కోసం పైకి చూస్తూ పరుగెత్తితే నా చేతిలో కలం ఆగిపోతుంది. బంతి ఏమైందో పక్కవాళ్లను అడిగి రాసిన రోజులున్నాయి. సార్ పక్కనుంటే కోప్పడేవారు.

మొన్న రంజాన్‌కు వాళ్లింటికి పోయాను. అమ్మీ వంటింట్లో ఉంది. కూతురే చాయ్ తెచ్చి నా ముందు కూర్చుంది. ఒక్క కంటితో చూస్తే ఏది దగ్గరో ఏది దూరమో సరిగ్గా తెలియదట. మొదట్లో చాలాసార్లు చెయ్యి కాల్చుకుందట. కెటిల్ మూతిని మెల్లగా కప్పు అంచుకు తాకించింది. తాకిందని చేతికి తెలిశాకే వంచింది. నేను సాయం చేయబోయి ఆగాను. ములుగు పిల్లకు దూరంగా ట్రాన్స్‌ఫర్ వస్తుందేమోనని, వస్తే ఏం చేయాలోనని చెబుతూనే రెండు కప్పులూ నింపింది. బల్ల మీద ఒక్క చుక్క కూడా పడలేదు.